అరాబిడాప్సిస్‌లో ఒక్క ఎఫ్‌ఎల్‌సీ, బ్రాసికా రాపాలో నాలుగు: ఏది సరైన ఆర్థోలాగ్?

ప్రశ్న

పూతను ఆలస్యం చేసే ఎఫ్‌ఎల్‌సీ జన్యువుకు బ్రాసికా రాపాలో (టర్నిప్, చైనా క్యాబేజీ వంటి పంటల జాతి) సమానమైనదాన్ని గుర్తించే పనిలో ఉన్నాను. అరాబిడాప్సిస్ (ప్రయోగాల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క) ప్రోటీన్ క్రమాన్ని బ్లాస్ట్‌లో, అంటే క్రమాల పోలికలను వెతికే ప్రోగ్రామ్‌లో, వెతికితే నాలుగు జన్యువులు దగ్గరి పోలికతో వస్తున్నాయి. ఎక్కువ స్కోరు వచ్చినదాన్ని ఆర్థోలాగ్‌గా, అంటే ఒకే పూర్వీక జన్యువు నుంచి వచ్చి వేరే జాతిలో ఉన్న సమాన జన్యువుగా, తీసుకుని మిగిలినవాటిని వదిలేయవచ్చునా?

మొదటి జవాబు

దయచేసి వదిలేయకండి. అరాబిడాప్సిస్ శాఖ నుంచి విడిపోయిన తర్వాత బ్రాసికా పూర్వీకులలో జీనోమ్ (కణంలోని డీఎన్‌ఏ అంతా) మొత్తం మూడింతలైంది కాబట్టి, అరాబిడాప్సిస్‌లోని ఒక క్రోమోజోము ఖండానికి రాపాలో సాధారణంగా మూడు ఖండాలు సరిపోలుతాయి. అయితే ఆ తర్వాత చాలా జన్యువులు రాలిపోయాయి. 2000లో వెలువడిన అరాబిడాప్సిస్ జీనోమ్‌లో దాదాపు 25,500 జన్యువులను గుర్తించగా, 2011లో వచ్చిన రాపా జీనోమ్‌లో గుర్తించినవి సుమారు 41,000 మాత్రమే. ఈ నష్టం మూడు ఉపజీనోములలో, అంటే అలా ఏర్పడిన మూడు ప్రతులలో, సమానంగా జరగలేదు. ఒకటి మిగతా రెండింటికంటే ఎక్కువ జన్యువులను నిలుపుకుంది. ఎఫ్‌ఎల్‌సీ విషయంలో మాత్రం మూడు ప్రతులూ, అంటే ఎ10 క్రోమోజోములోని ఎఫ్‌ఎల్‌సీ1, ఎ02లోని ఎఫ్‌ఎల్‌సీ2, ఎ03లోని ఎఫ్‌ఎల్‌సీ3, నిలిచి ఉన్నాయి. వంశక్రమం ప్రకారం మూడూ సమానంగా ఆర్థోలాగులే. బ్లాస్ట్ స్కోరు ఏ ప్రతి తక్కువగా మారిందో చెబుతుందే తప్ప, ఏది అసలైనదో తేల్చదు.

రెండో జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. ఇక పద్ధతి విషయానికొస్తే, అరాబిడాప్సిస్ ఐదో క్రోమోజోము పైభాగంలో ఎఫ్‌ఎల్‌సీకి ఇరువైపులా ఉన్న పదిపదిహేను జన్యువుల జాబితా తీసుకుని, అవే జన్యువులు అదే వరుసలో రాపాలో ఎక్కడెక్కడ కనిపిస్తున్నాయో చూడండి. ప్రతి ఖండంలోనూ కొన్ని పొరుగు జన్యువులు లోపించడం సహజమే కనుక, వరుస పూర్తిగా ఉండాలని పట్టుబట్టవద్దు. నాలుగోదైన ఎఫ్‌ఎల్‌సీ5 కూడా ఎ03లోనే ఉంది కాబట్టి దాని పొరుగును విడిగా పరిశీలించండి. దగ్గరి బంధువులైన ఎంఏఎఫ్ జన్యువులు ఫలితాల్లో కలిసిపోకుండా వంశవృక్షం గీయడం కూడా అవసరం.

ప్రశ్న వేసినవారు

కృతజ్ఞతలు. మూడూ ఆర్థోలాగులే అయితే, పనిచేసేవి కూడా మూడూ అనుకోవచ్చునా?

మొదటి జవాబు రాసినవారు

అలా అనుకోవడానికి వీల్లేదు. ఎఫ్‌ఎల్‌సీ1లో స్ప్లైసింగ్ (ఆర్‌ఎన్‌ఏలోని అక్కర్లేని ముక్కలను తీసి మిగతావాటిని అతికించడం) జరిగే చోట ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారిన రకాలున్నాయి; ఆ మార్పుకు పూత సమయంలోని తేడాతో సంబంధం కనిపించింది. ఎఫ్‌ఎల్‌సీ2లోని తేడాలకు కూడా పూత సమయంతో సంబంధం ఉంది. 2011 నాటి జీనోమ్ చైనా క్యాబేజీలోని ఒక్క రకానిది కాబట్టి, మీరు పెంచుతున్న రకంలో ప్రతి ప్రతినీ విడిగా సీక్వెన్స్ చేసి, చలి తగలకముందూ తగిలిన తర్వాతా దాని ఆర్‌ఎన్‌ఏ మోతాదును కొలవండి.