అప్‌డేట్: మలావీ మిషన్ ట్రిప్ నుంచి తిరిగొచ్చాం

డాలస్‌లోని మా చర్చి బృందంతో 10 రోజులు ఆఫ్రికాలోని మలావీ పల్లెలకు వెళ్తున్నాం, పాత బట్టల పెట్టెలు తీసుకెళ్లాలా అని జూన్‌లో అడిగాను. వద్దు, ముందు అక్కడివాళ్లనే అడగండి అన్నారు మీలో చాలామంది. అడిగాం. బట్టలు వద్దు, చేతిపంపు బాగు చేసుకోవడానికి సామాను కావాలన్నారు సలీమా పట్టణం దగ్గరి ఆ ఊరివాళ్లు.

అది ఆఫ్రిదేవ్ అనే రకం చేతిపంపు. పని మొత్తం వాళ్లే చేశారు, మేం పక్కన నిలబడి చూశాం. నీటి కమిటీలోని ఒక అక్క నడుముకు చితెంజె గుడ్డ బిగించి, రాడ్లు ఒక్కొక్కటిగా పైకి లాగింది. అరిగిపోయిన రబ్బరు సీల్ తీసి నా అరచేతిలో పెట్టింది. అంత చిన్న ముక్క కోసం ఊరి ఆడవాళ్లంతా ఇన్నాళ్లూ వాగు దాకా నడిచారు! నీళ్లు పడగానే నాకు ఏడుపొచ్చేసింది. ఆ మధ్యాహ్నం వాళ్లు పెట్టిన మొక్కజొన్న న్సీమా అచ్చం మన సంకటిలాగే ఉంది.

మలేరియా మాత్రల గురించి చెప్పినవాళ్లకు మరీ మరీ థాంక్స్. మేం వాడిన డాక్సీసైక్లిన్ మాత్రలు తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. మాలో ఒకతను మధ్యలో మానేసి, మలేరియాతో ఆసుపత్రిలో చేరాడు. చాలా టెన్షన్ పడ్డాం, ఇప్పుడు కోలుకున్నాడు.

వచ్చే ఏడాది టికెట్ల డబ్బు ఆ కమిటీకే పంపుదామని పాస్టరుగారిని అడిగాను.