∀, ∃ గుర్తులను డిగ్రీ మొదటి క్లాసు నుంచే బోర్డు మీద రాయాలా?

సిరిపురం లెక్కల మేడమ్:
వైజాగ్‌లో డిగ్రీ పిల్లలకి రియల్ అనాలిసిస్ (వాస్తవ సంఖ్యల మీద ప్రమేయాలు, లిమిట్లు) చెబుతున్నాను. ∀ అంటే ‘ప్రతి’, ∃ అంటే ‘కనీసం ఒకటి ఉంది’. మొదటి క్లాసు నుంచే వీటితో రాయించాలని నా అభిప్రాయం. మా సీనియర్లేమో మాటల్లోనే చెప్పమ్మా, పిల్లలు బెదిరిపోతారు అంటున్నారు. మీరేమంటారు?

గాజువాక మాస్టారు:
సీనియర్లు చెప్పిందే సబబు. తర్కాన్ని గురించి మాట్లాడేటప్పుడు ఈ గుర్తులు తప్పవు గానీ, ఒక మనిషి ఇంకో మనిషికి లెక్క చెప్పడానికి ఇవి అడ్డమేనని గణితవేత్త హాల్మోస్ 1970లోనే రాశాడు. పిల్లలు తలకిందుల ‘ఏ’, తిరగేసిన ‘ఈ’ వరసగా దించేస్తారు. ఏం రాశావురా అంటే నోరు పెగలదు.

సిరిపురం లెక్కల మేడమ్:
మాస్టారూ, నా బాధంతా వరస గురించే. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా సిటీ బస్సు స్టాపులు తీసుకోండి. ‘ప్రతి స్టాపులోనూ ఏదో ఒక బస్సు ఆగుతుంది’ అన్నది ఒక మాట. ‘అన్ని స్టాపుల్లోనూ ఆగే బస్సు ఒకటి ఉంది’ అన్నది ఇంకో మాట. మొదటిది ∀ స్టాపు ∃ బస్సు, రెండోది ∃ బస్సు ∀ స్టాపు. రెండోది నిజమైతే మొదటిది నిజమే. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కానక్కర్లేదు. ప్రమేయం తెగకుండా సాగడమనే కంటిన్యుటీకీ, యూనిఫామ్ కంటిన్యుటీకీ తేడా అచ్చంగా ఇదే. ఫలితంలో తేడా ఎప్సిలాన్ లోపే ఉండాలంటే బిందువు నుంచి ఎంతలోపు కదలొచ్చో చెప్పేది డెల్టా: మొదటిదాంట్లో బిందువు మారితే డెల్టా మారొచ్చు, రెండోదాంట్లో అన్ని బిందువులకీ ఒకే డెల్టా సరిపోవాలి. ఎక్స్ స్క్వేర్ మొత్తం వాస్తవ సంఖ్యల మీద కంటిన్యువస్సే, యూనిఫామ్‌గా మాత్రం కాదు. మాటల్లో చెబితే పిల్లల చెవికి రెండూ ఒకేలా వినపడుతున్నాయి. కోషీ అంతటి గణితవేత్తే 1821లో, కంటిన్యువస్ ప్రమేయాల శ్రేణి కన్వర్జ్ అయితే (కూడుతూ పోతే ఒక మొత్తానికి చేరితే) దాని మొత్తం కూడా కంటిన్యువస్సేనని రాశాడు. 1826లో ఏబెల్ సైన్ శ్రేణి ఒకటి చూపించి, ఇది దానికి లొంగడం లేదన్నాడు.

గాజువాక మాస్టారు:
బాగా గుర్తు చేశారు. మరి ఆ చిక్కు ఎలా విడిపోయింది? 1840ల చివర్లో స్టోక్స్, సైడెల్ ఎవరికి వారే యూనిఫామ్ కన్వర్జెన్స్, అంటే అన్ని బిందువులకీ ఒకే హద్దు సరిపోయే కన్వర్జెన్స్, దగ్గరికి వచ్చారు. అప్పటికి మీ గుర్తులు పుట్టనే లేదు కదమ్మా! ∃ పియానోది, 1897. ∀ గెంట్జెన్ పెట్టింది, 1935. 1879లోనే ఫ్రేగే క్వాంటిఫైయర్లు (‘ప్రతి’, ‘ఒకటి ఉంది’ అని చెప్పే తర్క సాధనాలు) తెచ్చాడు గానీ ఆయన రాత వేరు. వయర్‌స్ట్రాస్ ఎప్సిలాన్-డెల్టా పాఠాలు చెప్పిందీ ఇవేవీ లేకుండానే. ఆలోచన ముందు పుట్టింది, గుర్తు తర్వాత వచ్చింది. క్లాసులోనూ అదే వరస ఉండాలి.

అనకాపల్లి కుర్రాడు:
సార్, నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీలో ‘ఫర్ ఎవ్రీ’, ‘దేర్ ఎగ్జిస్ట్స్’, ‘సచ్ దట్’ అంటూ నాలుగు లైన్ల ఇంగ్లీష్ వాక్యం వస్తే నాకు టెన్షన్. గుర్తుల్లో అది ఒక్క లైను. గుర్తులే నన్ను కాపాడాయి.

సిరిపురం లెక్కల మేడమ్:
ఈ బాబు చెప్పింది మీరు తేలిగ్గా తీసుకోవద్దు మాస్టారూ. ఇంకోటి, వ్యతిరేక వాక్యం. ‘ప్రతి స్టాపులోనూ ఏదో ఒక బస్సు ఆగుతుంది’ తప్పు అనాలంటే ఏం రాయాలి? సగం క్లాసు ‘ఏ స్టాపులోనూ ఏ బస్సూ ఆగదు’ అని రాస్తుంది. కావలసింది ‘ఏ బస్సూ ఆగని స్టాపు ఒకటైనా ఉంది’. గుర్తుల్లో అయితే ∀ని ∃గా, ∃ని ∀గా మార్చి, ‘కాదు’ని చివరికి తోసేస్తే చాలు. యూనిఫామ్ కంటిన్యుటీ లేదని నిరూపించమంటే పిల్లలు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

గాజువాక మాస్టారు:
వ్యతిరేకం విషయంలో మీ మాటకి ఎదురు లేదు, అక్కడ గుర్తులు వాడండి. కానీ ఆ బాబు తన లైనుని తెలుగులో నాకు చదివి వినిపించాలి. బస్సు ముందా, స్టాపు ముందా నోటితో చెప్పలేనివాడికి నేను మార్కు వెయ్యను.

అనకాపల్లి కుర్రాడు:
చెబుతాను సార్. ఎప్సిలాన్ ఏది ఇచ్చినా డెల్టా ఒకటి దొరుకుతుంది, ఆ ఒక్క డెల్టా అన్ని బిందువులకీ చాలుతుంది. తెలుగులో అడిగే పరీక్ష ఉంటే నాకు సమ్మతమే.