ముందే అకౌంటుకు డబ్బు వేయమంటున్నారు, వేయొచ్చా?

మాది తిరుపతి, కొర్లగుంట. అమ్మాయి పెళ్లికి ఆన్‌లైన్‌లో ఒక పట్టుచీర నచ్చింది, 18,500. వక్కరంగు, జరీ అంచు. క్యాష్ ఆన్ డెలివరీ లేదట, మొత్తం ఐఎంపీఎస్ (బ్యాంకు నుంచి నేరుగా వాళ్ల అకౌంటుకు పంపడం) చేయాలట. షాపు పేరు ఒకటి, అకౌంటు ఇంకెవరిదో. టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు నుంచి: వేయొద్దక్కా! మిక్సీకని నేను 4,200 పోగొట్టుకున్నా. కొరియర్ రసీదు ఫోటో పంపి, ఆ రాత్రే బ్లాక్ చేశారు. ఐఎంపీఎస్ క్షణాల్లో అవతల పడిపోతుంది. కార్డుతో కడితే బ్యాంకులో డిస్ప్యూట్ (డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు) వేయొచ్చు, దీనికి ఆ దారి లేదు.

ఇంకొకరు: నెఫ్ట్‌లో (ఇదీ బ్యాంకు నుంచి అకౌంటుకు పంపే పద్ధతే) పంపేముందే ఖాతాదారు పేరు చూసుకునే వీలు 2025 ఏప్రిల్ నుంచి ఉంది. పేరు తేడాగా ఉంటే వదిలేయండి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అడిగినావిడ: వీడియో కాల్‌లో చీర చూపించమన్నాను, ఫోన్ పెట్టేశారు. ఆదివారం కంచికే పోతాం.