మగ్గం నేసే చెయ్యి: మెలకువలో ఆపరేషనా, మత్తులోనా?

గట్టుప్పల్ పోరడు:
మా చిన్నాయనకు మెదడులో గడ్డ, గ్లయోమా అంటున్నరు. కుడిచేతిని కదిలించే భాగానికి ఆనుకొని ఉందట. హైదరాబాద్‌లో ఒక డాక్టర్ మెలకువగా ఉంచి చేస్తామన్నరు, ఇంకొకరు పూర్తి మత్తులోనే అన్నరు. రంగులేసే ముందు నూలుకు చిటికి ముడులు కట్టి, మగ్గం నేసి బతికే మనిషి. ఏది మేలు?

పాలమూరు సారు:
మత్తే మేలు. భయస్తుణ్ణి గంటలకొద్దీ టేబుల్ మీద మెలకువగా పడుకోబెడితే టెన్షన్‌కే బీపీ పెరుగుతుంది. మణికట్టు నరానికి కరెంట్ ఇచ్చి మెదడు మీద సిగ్నల్ చూస్తారు. కదలిక భాగానికీ స్పర్శ భాగానికీ నడుమ ఒక గాడి ఉంటుంది, దానికి అటూ ఇటూ సిగ్నల్ తలకిందులవుతుంది. చేతి కండరాల స్పందన కూడా మత్తులోనే కొలవొచ్చు. ఇంక లేపడమెందుకు?

ఓటీ టెక్నీషియన్, నల్లగొండ:
సారూ, గాడి దొరుకుతుంది, నిజమే. ‘బొటనవేలు తిమ్మిరెక్కింది’ అని చెప్పేదెవరు? మెదడుకు సన్నటి కరెంట్ తాకించి ఏ చోటు ఏ పని చేస్తుందో వెతుకుతారు. అట్లా వెతికి 1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ అనే మెదడు డాక్టర్లు ప్రచురించిన మెదడు పటంలో స్పర్శ భాగం రోగులు నోటితో చెప్పిందే. పోగు తెగిందని నేతగాడికి ముందు తెలిసేది వేలికొసలకే కదా. మెదడుకు నొప్పి తెలియదు, తల చర్మానికి మత్తు సూదులు ఇస్తారు. మేం చూసిన ఒకాయన మధ్యలో దాహమన్నాడు, తడి దూది పెదాలకు అద్దినం. కరెంట్ తాకినప్పుడు ఫిట్స్ వస్తే చల్లటి సెలైన్ పోస్తారు, ఎక్కువసార్లు ఆగిపోతాయి.

పాలమూరు సారు:
ఎక్కువసార్లు! ఆగకపోతే?

ఓటీ టెక్నీషియన్, నల్లగొండ:
మందులిస్తారు, అవసరమైతే మళ్ళీ మత్తులోకి పంపుతారు. అందుకే మత్తు డాక్టర్ పక్కనే ఉంటారు. 2012లో గ్లయోమా ఆపరేషన్ల పాత అధ్యయనాలు కలిపి చూశారు. కరెంట్‌తో వెతికి చేసినవాళ్ళలో తర్వాత మిగిలిన తీవ్ర లోపాలు 3.4 శాతం, వెతకకుండా చేసినవాళ్ళలో 8.2.

పాలమూరు సారు:
అది వెతకడానికీ వెతకకపోవడానికీ తేడా. మెలకువకూ మత్తుకూ కాదు.

ఓటీ టెక్నీషియన్, నల్లగొండ:
ఒప్పుకుంటా. వెతకకుండా చేస్తామనే చోటికి మాత్రం పోవద్దు తమ్మీ. గడ్డ మాట భాగం దగ్గరుంటే మెలకువే అడుగు. చెయ్యి ఒక్కటే అయితే, ఆ టీంకు చేయి తిరిగిన పద్ధతి ఏదో అడుగు.

గట్టుప్పల్ పోరడు:
చిన్నాయన ‘దారం ఇయ్యమను, ముడేసి చూపిస్త’ అంటుండు. రెండో డాక్టర్‌ను మాత్రం, మత్తులో వేళ్ళ స్పర్శ ఎట్ల చూస్తరని అడగాలె. తల తెరిచి మాట్లాడిస్తరని విన్నప్పటినుంచి చిన్నమ్మ అన్నం ముట్టలే, ఆమెను ఒప్పించేది ఎవరో చెప్పుండ్రి.