భుజం కండరంలో సగం చిరుగు: ఆపరేషన్ లేకుండా తగ్గిందా ఎవరికైనా?

మాది తిరుపతి, నాకు 47 ఏళ్లు. ఐదు నెలల క్రితం అలిపిరి మెట్లు దిగుతూ జారి, కుడిచేత్తో పక్కనున్న కమ్మీ పట్టుకున్నాను. అప్పట్నుంచి భుజం నొప్పి. చెయ్యి పక్కకు ఎత్తితే సగం దూరంలో కలుక్కుమంటుంది, పూర్తిగా పైకి వెళ్లాక ఉండదు. కుడివైపు పడుకుంటే రాత్రి రెండింటికల్లా మెలకువే.

ఎంఆర్‌ఐలో సుప్రాస్పినేటస్ టెండాన్‌కి (భుజం పైభాగపు కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) పాక్షిక చిరుగు, మందంలో దాదాపు 40 శాతం అని వచ్చింది. మూడు వారాలు మాత్రలు వాడాను. ఎనిమిది వారాలు ఫిజియోథెరపీ, రబ్బరు బ్యాండుతో (నిజం చెప్పాలంటే చివరి రెండు వారాలు బద్ధకించాను). ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ మూడు వారాలు హాయినిచ్చింది, మళ్లీ మామూలే.

ఇప్పుడు ఒక డాక్టరు పీఆర్‌పీ (మన రక్తం నుంచే ప్లేట్‌లెట్లు తీసి ఇచ్చే ఇంజెక్షన్) అంటారు, ఇంకొకరు కీహోల్‌తో (చిన్న రంధ్రం ద్వారా చేసే ఆపరేషన్) భుజం పైఎముక కాస్త చెక్కాలంటారు. ఆ ఎముక చెక్కడం ఏమీ చెక్కకుండా చేసే ఉత్తుత్తి ఆపరేషన్ కంటే చెప్పుకోదగ్గ మేలు చేయలేదని 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధన చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. పూర్తిగా తెగినవాళ్లను అందులో చేర్చలేదు కాబట్టి అది నాలాంటి వాళ్లకూ వర్తిస్తుందనే అనుకుంటున్నాను.

ఇలాంటి పాక్షిక చిరుగుతో ఆపరేషన్ లేకుండా వ్యాయామంతోనే రాత్రి నొప్పి పోయినవాళ్లు ఉంటే, అందుకు మొత్తం ఎన్ని వారాలు పట్టింది?