కాజీపేట–హన్మకొండ రోడ్డులో సైకిల్ అంచునే పోవాలా?

నక్కలగుట్ట వాసి: ఉదయం బడుల వేళ ఈ రోడ్డులో సైకిళ్లు ఎడమ అంచు వదిలి మధ్యకు వస్తున్నాయి. హారన్ కొట్టినా జరగరు. అంచున పోతే అందరికీ క్షేమం కాదా?

సుబేదారి సైకిల్: ఆ అంచు ఎక్కడున్నదో చూపించండి సార్. అదాలత్ దగ్గర ఆటోలు ఆగి ఉంటాయి, వాటిని దాటితే నిలిపిన కార్లు, ఆ పక్కన ఇసుక. కారులో ఉన్నవారు వెనక్కి చూడకుండా తలుపు తీస్తే, సైకిల్ మీది మనిషి పడేది వెనుక వచ్చే బస్సు ముందరే. తలుపు వెడల్పు వదిలి నడపడం పొగరు కాదు.

హంటర్ రోడ్డు: మేము లైఫ్ టాక్స్ కట్టి రోడ్డెక్కుతున్నాం. మీరేం కట్టారు?

సుబేదారి సైకిల్: సైకిల్ కొన్నప్పుడు జీఎస్టీ కట్టాం. 2025 సెప్టెంబరు దాకా 12 శాతం, ఇప్పుడు 5 శాతం.

నక్కలగుట్ట వాసి: టాక్స్ గొడవ పక్కన పెట్టండి. పోయిన చలికాలం, పొగమంచులో, వెనుక లైటు లేని సైకిల్ సందులోంచి అడ్డంగా వచ్చింది. నేను బ్రేక్ వేశాను, కారు తగలనే లేదు, అతనే బెదిరి పడ్డాడు. అయినా గుంపు చేరి తాళం లాక్కొని, ఆసుపత్రి ఖర్చు నా చేత పెట్టించింది. పెద్ద బండి ఉన్నందుకే దోషినా?

సుబేదారి సైకిల్: మా నాన్న ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. ఒక కారు అద్దం హ్యాండిల్‌కు తగిలి ఆయన పడిపోతే, ఆ కారు ఆగనైనా ఆగలేదు. మోచెయ్యి విరిగి మిర్చి సీజన్ కూలి అంతా పోయింది.

నక్కలగుట్ట వాసి: ఆ కారు నాది కాదు.

సుబేదారి సైకిల్: ఆ సైకిల్ నాదీ కాదు.

ములుగు రోడ్డు: ఇద్దరూ కొంచెం నిదానించండి. అంచు మాట ఎప్పుడో పోయింది, ఇప్పుడు గొడవంతా తప్పు ఎవరి మీద పడాలన్నదే కదా.

సుబేదారి సైకిల్: అదే అంటున్నాను. వేగం 30 నుంచి 60కి పెరిగితే గుద్దుడు బలం నాలుగింతలు. అంత బలం చేతిలో ఉన్నవారికి జాగ్రత్త కూడా అంత ఎక్కువ ఉండాలి.

నక్కలగుట్ట వాసి: జాగ్రత్త ఎక్కువ ఉండాలంటే ఒప్పుకుంటాను, విచారణ లేకుండా తప్పు నా మీద వేస్తే ఒప్పుకోను. చౌరస్తాల దగ్గర వేగం 30 దాటొద్దంటే సరే. లైటు లేని సైకిల్‌కు జరిమానా వేయమంటే మీరు సరేనంటారా?

సుబేదారి సైకిల్: లైటు ఇప్పించమనండి, సరే అంటాను. జరిమానా అంటే హమాలీకి ఒక పూట కూలి, దానికి మాత్రం ఒప్పుకోను.