నవంబరు వానల్లో ఒంటరిగా ఐరోపా: రోజుకో నగరమా, ఒకటి రెండు చోట్ల కుదురుగానా?

మాగ్డెబర్గ్ విద్యార్థిని:
మాస్టర్స్ థీసిస్ సమర్పించాను. ఉద్యోగంలో చేరేలోపు నవంబరులో కొంత ఖాళీ దొరికింది కాబట్టి, వీపున ఒక్క బ్యాగుతో ఒంటరిగా రైళ్లలో తిరిగి రావాలని ఉంది. నా వయసు 24. జర్మనీ నివాస అనుమతి ఉన్నందువల్ల ఐరోపా బయట నివసించేవారికిచ్చే యూరైల్ కాక, ఐరోపాలో నివసించేవారికిచ్చే ఇంటర్‌రైల్ పాస్ తీసుకోవాలి. నెలలో 7 ప్రయాణ దినాల పాస్‌తో ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్, పారిస్, స్ట్రాస్‌బర్గ్, మిలాన్, బొలోన్యా వరుసగా చూడమని, ఒక్కో ఊళ్లో ఒక్క రాత్రి చాలునని ఒక స్నేహితురాలు చెబుతోంది. ముసురు పట్టే నెలలో అలా పరుగులు తీస్తే ఏదీ చూసినట్టుండదని, ఒకటి రెండు నగరాలకే పరిమితం కమ్మని మా సీనియర్ అంటున్నారు. కారణాలతో సహా మీ అభిప్రాయాలు తెలుపగలరు.

కొలోన్ ఉద్యోగి:
నేను మీ స్నేహితురాలి పక్షం. పాస్‌లో ఒక ప్రయాణ దినానికి ఎన్ని రైళ్లయినా ఎక్కవచ్చు. 27 ఏళ్ల లోపు వారికి తగ్గింపు కూడా ఉంది. ఉద్యోగంలో చేరాక ఇంత ఖాళీ మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. వాన గురించి అతిగా భయపడుతున్నారని కూడా నాకు అనిపిస్తోంది. లండన్‌లో ఏడాదికి కురిసేది దాదాపు 600 మిల్లీమీటర్లు. మన హైదరాబాదులో 800 దాకా కురుస్తుంది. ఊరు నచ్చకపోతే మరుసటి ఉదయం రైలెక్కి వెళ్లిపోయే స్వేచ్ఛ ఒంటరి ప్రయాణికులకే ఉంటుంది. దాన్ని వదులుకుని తడుస్తున్న ఒకే నగరంలో రోజుల తరబడి కూర్చోవడం ఎందుకు?

గ్లాస్గో వాసి:
వాన లెక్క సరైనదే కానీ, అది ప్రయాణికురాలికి ఉపయోగపడే లెక్క కాదు. హైదరాబాదు వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కుండపోతగా పడి వెలుస్తుంది. లండన్‌లో అంతకన్నా తక్కువ నీరే ఏడాది పొడవునా నూరు రోజులకు పైగా తుంపరగా పడుతుంది. నార్వేలోని బెర్గెన్‌లో 2006 అక్టోబరు చివరి నుంచి 2007 జనవరి దాకా 85 రోజులు వరుసగా వాన పడింది. అలాంటి చోట వాన వెలిసేదాకా ఆగుదామనుకుంటే కుదరదు, వానలోనే ఎలా తిరగాలో ముందే ఆలోచించుకోవాలి.

రోజుకో నగరం చొప్పున తిరిగితే అసలు కష్టం ఎక్కడ వస్తుందో వివరంగా చెబుతాను. ప్రయాణికులు ఒక్కో పడకకు అద్దె కట్టి ఉండే హాస్టళ్లలో చాలావాటిలో ఉదయం పది, పదకొండుకల్లా పడక ఖాళీ చేయాలి. కొత్త ఊళ్లో మధ్యాహ్నం రెండు మూడింటి దాకా పడక ఇవ్వరు. బ్యాగు రిసెప్షన్‌లో పెట్టుకోనిస్తారు కానీ, తడిసిన సాక్సులు మార్చుకుని, జాకెట్ ఆరేసి కాసేపు నడుం వాల్చే చోటు ఉండదు. రాత్రి ఎనిమిది మంది పడుకునే గదిలో ఒకే హీటరు మీద అందరి బట్టలూ వేలాడుతుంటాయి. జీన్స్ ఒక్క రాత్రిలో ఆరదు. బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి, పడుకునే ముందు ఆ కాగితాలు తీసేసి పొడివి పెడితే తెల్లారేసరికి కొంత నయం, కానీ అడుగు భాగంలో చెమ్మ అలాగే ఉంటుంది. ఆ బూట్లతోనే మరో ఊళ్లో దిగి, తడిసి జారే రాళ్ల వీధుల్లో నడవాలి. ఒకే చోట ఉంటే రెండో జత బూట్లు ఆరుతుండగా మొదటి జతతో తిరగవచ్చు.

పైగా నవంబరు చివరికి ఆమ్‌స్టర్‌డామ్‌లో సాయంత్రం నాలుగున్నరకే సూర్యాస్తమయం అవుతుంది. ఆ కొద్దిపాటి పగటి వెలుగులో సగం రైల్లోనే గడిచిపోతే ఇక ఆ నగరాన్ని చూసేదెప్పుడు?

యూత్ హాస్టల్ అనే ఆలోచన పుట్టిందే వాన వల్ల. 1909లో రిచర్డ్ షిర్మాన్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు పిల్లలతో కాలినడకన వెళుతూ, గాలివానలో చిక్కుకుని ఒక బడిలో తలదాచుకున్న రాత్రి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. 1912లో ఆల్టెనా కోటలో మొదటి హాస్టల్ వెలిసింది. ఆ కోట మీరున్న జర్మనీలోనే ఉంది కాబట్టి చెబుతున్నాను.

నా సలహా ఒక్కటే: వానల నెలలో నగరాన్ని దాని పేరు చూసి కాదు, దాని కప్పు చూసి ఎంచుకోండి. ఇటలీలోని బొలోన్యాలో వీధుల పక్కన కమానుల కింద నడిచే వసారాలు మొత్తం 62 కిలోమీటర్ల దాకా ఉన్నాయి. 2021లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. సారగోజా ద్వారం నుంచి కొండ మీది సాన్ లూకా చర్చి దాకా దాదాపు నాలుగు కిలోమీటర్లు, 666 కమానుల కింద, గొడుగు తెరవకుండా ఎక్కవచ్చు. పారిస్‌లో 1820ల నాటి గలేరీ వివియెన్, బ్రస్సెల్స్‌లో 1847లో తెరిచిన సాన్-యుబేర్ గాజుకప్పు వీధులు కూడా అలాంటివే.

కొలోన్ ఉద్యోగి:
బట్టల విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అయితే బొలోన్యా మంచి ఊరే గానీ వసారాలు చూడడానికి రెండు రోజులు చాలు; మిగతా రోజులు ఏం చేయాలి? ఒంటరిగా ఉన్నవారిని వాన కన్నా ఒంటరితనమే ఎక్కువ కుంగదీస్తుంది. ఊరు మారుతుంటే కొత్త మనుషులు తగులుతారు. ఒకే గదిలో మూడో రోజు కూడా కిటికీ మీద అదే చినుకు చూస్తూ కూర్చుంటే ఎంత ఉత్సాహంగా బయలుదేరినవారికైనా ఇల్లు గుర్తొస్తుంది.

గ్లాస్గో వాసి:
ఒంటరితనం గురించి మీరన్నది నిజమైన సమస్యే. దానికి ఊళ్లు మారడం మందు అని మాత్రం నేననుకోను. హాస్టల్ వంటగదిలో మొదటి రాత్రి ఎవరూ పలకరించరు. రెండో రాత్రి అదే పొయ్యి దగ్గర పప్పు పోపు పెడుతుంటే ఆ వాసనకు ఎవరో ఒకరు వచ్చి అదేమిటని అడుగుతారు. మూడో రాత్రికి కలిసి తింటారు. ఇక బొలోన్యా నుంచి ఫెరారా, మోడెనా, రవెన్నా ఊళ్లకు మామూలు ప్రాంతీయ రైళ్లున్నాయి. పొద్దున బ్యాగు లేకుండా వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రావచ్చు. రవెన్నాలో చూడవలసిన ఐదు, ఆరు శతాబ్దాల నాటి, రంగు ముక్కలు పొదిగి చేసిన మొజాయిక్‌లన్నీ కప్పు కిందే ఉన్నాయి. ఎంత ముసురు పట్టినా వాటి బంగారు రంగు మసకబారదు.

డబ్బు సంగతీ చూడాలి. ఇంటర్‌రైల్ పాస్ నివాసమున్న దేశంలో వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మాత్రమే చెల్లుతుంది. ఫ్రాన్స్, ఇటలీ వేగపు రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు విడిగా కట్టాలి. రెండు నగరాలే అయితే అసలు పాస్ అవసరం లేకుండా ముందుగా టికెట్లు కొనుక్కోవడమే చవక కావచ్చు. రెండు లెక్కలూ వేసి చూడండి.

గుంటూరు తండ్రి:
మా అమ్మాయి కూడా జర్మనీలోనే చదువుతోంది. మీరంతా బట్టల గురించి, టికెట్ల గురించి మాట్లాడుతున్నారు. నాలుగున్నరకే చీకటి పడే దేశాల్లో ఆడపిల్ల రోజుకో కొత్త స్టేషన్‌లో దిగి, వానలో ఫోన్ చూసుకుంటూ దారి వెతుక్కోవడం నాకు భయంగానే ఉంది. వెళ్లవద్దని అనను. ఎన్నిసార్లు ఊరు మారితే అన్నిసార్లు ఆ చీకటి నడక తప్పదు కాబట్టి తక్కువ ఊళ్లే మేలు. లండన్ వెళ్లే వీలుంటే మాత్రం బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాలు చూడమ్మా, ప్రవేశం ఉచితమట.

మాగ్డెబర్గ్ విద్యార్థిని:
ధన్యవాదాలండీ. లండన్‌కు నా జర్మనీ అనుమతి చెల్లదు, విడిగా బ్రిటన్ వీసా తీసుకోవాలి కాబట్టి అమరావతి శిల్పాలు ఈసారికి కుదరవు. పారిస్, బొలోన్యా రెండే పెట్టుకుంటున్నాను. మహిళలకు మాత్రమే ఉండే డార్మిటరీ గది, మధ్యాహ్నం మూడు లోపు చేరే రైళ్లు చూసుకుంటాను. కొలోన్ ఉద్యోగి గారి మాట మీద గౌరవంతో, మధ్యలో ఒక రోజు ఏ ప్రణాళికా లేకుండా వదిలేస్తున్నాను. పారిస్‌లో వాన రోజులకు మ్యూజియంలు తప్ప వేరే దారి కనిపించడం లేదు. టికెట్ల ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

గ్లాస్గో వాసి:
ఐరోపా సమాఖ్య దేశాల్లో నివాసం ఉన్న 26 ఏళ్ల లోపు వారికి లూవ్ర్, ఓర్సే మ్యూజియంల శాశ్వత ప్రదర్శనలు ఉచితం. మీ జర్మనీ నివాస కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి వెంట ఉంచుకోండి, తలుపు దగ్గర అడుగుతారు. ఓర్సేకు సోమవారం, లూవ్ర్‌కు మంగళవారం సెలవు. ఆ రెండు రోజులకు గలేరీ వివియెన్ లాంటి కప్పున్న వీధులను అట్టిపెట్టుకోండి.